ఎలుక తోక దారాలు, దిల్షాద్ అరచెయ్యి

కల్వకుర్తి బస్టాండు పక్కన గాజుల కొట్టు నడిపిన దిల్షాద్‌కు ఎముకలు కరిగించే విద్య వచ్చని చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది నమ్మేవారు. నమ్మనివాళ్లంతా ఆమె దగ్గర ఒక్కసారి కూడా గాజులు వేయించుకోనివాళ్లే. ఎంత మొద్దు చెయ్యి అయినా సరే, బొటనవేలిని లోపలికి మడిచి, కణుపుల మీద తన అరచేతితో అదిమి, ఏదో పాత ముచ్చట మొదలుపెట్టేది. ముచ్చట సగంలో ఉండగానే డజను గాజులూ మణికట్టు మీద గలగలమనేవి. కొందరికి ఆ అదుముడుకే కళ్లు మూతలు పడేవి. ఒక పటేలు భార్య అట్లా కొట్లోనే కునుకు తీసి, ఊరికి పోయే బస్సు తప్పిపోయి, దిల్షాద్ ఇంట్లోనే అన్నం తిని పడుకుంది. ఇది నిజం. ఆ నిద్ర వారం రోజులు సాగిందన్నది మాత్రం కొంచెం కలిపి చెప్పిన మాట.

ఆ కొట్టు అగ్గిపెట్టెకు అన్న, గదికి తమ్ముడు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే, కడ్డీలకు వేలాడే గాజుల్లోంచి రంగులు కారేవి. కూర్చున్నవాళ్ల ముఖాలు పచ్చగా, ఎర్రగా, పసుపుగా మారేవి. మాట్లాడుతున్నది ఎవరో, వింటున్నది ఎవరో తెలియనంత మత్తుగా ఉండేది లోపల. ఒకసారి ఒక మేక గుమ్మంలో పడ్డ పచ్చరంగు నీడను గడ్డి అనుకుని పొద్దుగూకేదాకా నేల నాకిందని చెప్పుకుంటారు. పొద్దుగూకేదాకా కాదుగాని, నాకడం మాత్రం నాకింది.

ఎనభై ఎనిమిదిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, ఆ చెయ్యి కాలింది.

లక్క గాజులకు అద్దం బిళ్లలు అతికించడానికి దిల్షాద్ కుంపటి మీద లక్క కరిగిస్తోంది. అండాలు అనే ఆమె బేరం చేస్తూ చేస్తూ చంకలో పిల్లను కింద దించింది. పిల్ల నేరుగా కుంపటి దగ్గరకు పాకి గిన్నెను లాగింది. గిన్నె ఒరిగింది. పక్కకు నెట్టడానికి కర్ర వెతికే తీరిక లేదు. దిల్షాద్ కుడి అరచెయ్యి అడ్డం పెట్టింది. పిల్లకు ఒక్క చుక్క తగల్లేదు. కాలే నూనె అయితే జారిపోయేది. లక్క నిప్పుకు చెల్లెలు, పట్టుకున్నదాన్ని వదలదు.

జడ్చర్ల దారిలో ఉన్న మిషను దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టర్ ఇస్రాయేలుది ఆత్మకూర్ దగ్గరి పల్లె. సెంటు భూమి లేని కూలీల ఇంట్లో పుట్టి, ఎక్కడెక్కడో చదివి, మళ్లీ ఈ ఎండలోకే వచ్చిపడ్డ మనిషి. ఆయన దిల్షాద్ తొడ మీది నుంచి పలచటి చర్మం తీసి అరచేతికి అతికించాడు. అది పట్టుకుంది. తర్వాత ఒక పలచని చెక్క తెచ్చి, వేళ్లు బాగా ఎడంగా సాచి, గుడ్డపట్టీలతో కట్టాడు.

"అమ్మా, మానుతున్న తోలు లోపలికి గుంజుకుంటది. గీ చెక్క ఇప్పినవనుకో, వేళ్లు ముడుసుకపోతయి. తానానికి, వేళ్లు ఆడిచ్చేటప్పుడు తప్ప ఇప్పొద్దు."

"ఎన్ని దినాలు సాబ్?"

"నేను సాలు అనేదాంక."

ఆ మాట ఆమె వినేదే. విననియ్యకుండా చేసింది ఒక ముసలామె.

దిల్షాద్ దవాఖాన నుంచి తిరిగివచ్చి బస్టాండులో బల్ల మీద కూర్చుంది. చెక్కకు కట్టిన చెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది. ఎండకు కళ్లు మూసుకుంది. సంచి మోసుకుంటూ పోతున్న ఒక ముసలామె ఆగి, ఆమెను ఎగాదిగా చూసి, గుప్పెడు జొన్నలు తీసి ఆ అరచేతిలో పోసింది.

"తిను బిడ్డా. దేవుడు సూస్తడు," అని నడిచిపోయింది.

దిల్షాద్‌కు కాలినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. "కరువుల గూడ మా నానీ ఎవ్వరి ముంగట చెయ్యి చాపలే," అని ఇంటికి పోయి గోడతో చెప్పుకుంది. బజారు ఊరుకుంటుందా? ఆ గుప్పెడు జొన్నలు కూరగాయల అంగడి దాటేసరికి తవ్వెడయ్యాయి, మసీదు మలుపు తిరిగేసరికి కుంచెడయ్యాయి, చీకటి పడేసరికి దిల్షాద్ ఇంట్లో జొన్నల బస్తా దిగిందని తేలింది.

అప్పటి నుంచి కొట్లో కూర్చుంటే చెక్క విప్పేసేది. చెయ్యిని కొంగులో చుట్టి దాచేది. దవాఖాన గేటు కనబడగానే మళ్లీ కట్టించుకునేది. కట్టు మార్చేటప్పుడు వేళ్లు చాపమంటే నొప్పి అని తప్పించుకునేది. భర్త లియాఖత్ అలీ వద్దని చెప్పినా వినలేదు. అతని సంగతి వేరు. పెళ్లాం చెయ్యి బాగయ్యేదాకా గాజులు వేసే పని అతని మీద పడింది. అతను గాజు వైపు చూస్తేనే పగిలేది. "లియాఖత్ భాయి దగ్గర గాజులు వేయించుకునుడు కంటే దవాఖానల కుట్లు వేయించుకునుడు సుకం," అని ఆడవాళ్లు నకిరేకల్ దాకా చెప్పుకున్నారు.

ఇక్కడ కొట్టు ఖాళీ అవుతోంది, అక్కడ చెయ్యి మూసుకుంటోంది. ఒకరోజు దిల్షాద్ గోడకు అరచెయ్యి ఆనించి చూసుకుంది. నడిమి మూడు వేళ్ల కొనలు గోడను తాకలేదు. చిటికెన వేలు కొక్కెంలా వంగి ఉంది. ముడుచుకున్న చేతితో అన్నం వండొచ్చు, బొక్కెన మొయ్యొచ్చు. ఎదుటి మనిషి కణుపుల మీద అరచెయ్యి పరిచి అదమలేకపోతే మాత్రం గాజు ఎక్కదు. ఎవరికీ చెప్పకుండా కొంగు ఇంకో చుట్టు చుట్టింది.

ఇప్పుడు ఎలుకల సంగతి చెప్పాలి. అది లేకుండా ఈ ముచ్చట నడవదు.

డాక్టర్ ఇస్రాయేలు ఎలుక తోకలు తెప్పించుకుంటాడని అందరికీ తెలుసు. పొలాల్లో ఎలుకలు పట్టే కాటమయ్య తోకలు కోసి, మంచుగడ్డల డబ్బాలో పెట్టి ఇచ్చిపోయేవాడు. ఎందుకో ఎవరికీ తెలియదు కాబట్టి తలా ఒక కారణం చెప్పారు. సూదిమందు చేస్తాడన్నారు. దొరసానులకు జడకుచ్చులు అల్లి పంపుతాడన్నారు. సగం జిల్లాలో ఎలుకలకు తోకలే లేకుండా పోయాయని, పిల్లులు వాటిని పోల్చుకోలేక ఆకలికి చిక్కిపోయాయని కూడా అన్నారు.

అసలు సంగతి దవాఖాన వెనక గదిలో ఉంది. ఆ గదిలో ఆయాగా పనిచేసే మైసమ్మ ద్వారా అది మెల్లగా బయటికొచ్చింది. తోక చీలిస్తే లోపల పట్టుదారంలాంటి తెల్లటి పోగులుంటాయి. వాటిని పులుపు నీళ్లలో నానబెడితే కరిగి గంజిలా అవుతాయి. చల్లగా ఉన్నంతసేపు అది నీళ్లే. వేరే మందు, గులాబీ రంగు నీళ్లు కలిపి వెచ్చటి పెట్టెలో పెడితే పోగులు మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని అల్లుకుంటాయి, గిన్నెలో జున్నులా పేరుకుంటాయి. అందులో మనిషి చర్మం నుంచి తీసిన కణాలను కలిపి ఆయన బతికించేవాడు. కంటికి కనిపించనంత చిన్న ప్రాణాలు. మన ఒంట్లో కూడా అవి ఇట్లాంటి పోగుల మధ్యనే ఉంటాయట. కాలిన చేతులు మానాక ఎందుకు ముడుచుకుంటాయో చూడాలని ఆయన ఆరాటం. ముడుచుకున్న చేతులను చూసీ చూసీ ఆయనకు నిద్ర పట్టేది కాదని మైసమ్మ అనేది.

ఆ గిన్నెల్లో ఉన్నవి దిల్షాద్ కణాలే. చర్మం అతికించిన రోజునే డాక్టర్ ఆమెను అడిగాడు.

"అమ్మా, నీ తోలుముక్క జరంత మిగిలింది. దాన్ని పెంచి చూద్దామని ఉంది. ఒప్పుకుంటవా?"

"పెంచున్రి సాబ్. తిండి మాత్రం మీరే వెట్టాలె," అంది దిల్షాద్. నొప్పిలో కూడా ఆ నోరు ఆగదు.

కొన్నాళ్లకు కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు డాక్టర్ ఇంకా రాలేదు. మైసమ్మ వెనక గదిలో ఉంది. దిల్షాద్ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. బల్ల మీద రెండు చిన్న గాజు గిన్నెలు, లోపల పలచటి గులాబీ నీళ్లు. కిటికీలోంచి పడ్డ ఎండ ఆ నీళ్లను దాటి గోడ మీద రెండు లేత గులాబీ చందమామలను గీసింది.

"గవేనా నేను?" అంది దిల్షాద్.

"నువ్వే. రెండు గిన్నెలల్ల కూసున్నవ్. ఇంట్ల ఒక్క తాన కూసోవు గని," అంది మైసమ్మ. ఆమె చేతులు కడుక్కుని, గిన్నెలోది పేరుకుందో లేదో చూడ్డానికి సన్నటి సూదిని మంటలో కాల్చి చల్లార్చింది. కళ్లు మాత్రం దిల్షాద్ కొంగు మీద ఉన్నాయి. "ఏది, చెయ్యి జూపు. పట్టీకి బజారు దుమ్మే అంటలే. చెక్క ఇప్పుతున్నవ్ గదా?"

"లేదక్కా."

"నాకే జెప్తున్నవా? నా బర్రె గూడ నీకంటే మంచిగ అబద్ధమాడ్తది."

"మరేం జేయాలె? బజార్ల చెయ్యి చాపుకొని కూసోవాల్నా? నువ్వు కూసుంటవా?"

"కూసుంటనే! వేళ్లు పోతయంటే బోర్ల పండుకుంట, తలకిందులుగ వేలాడ్త..."

తిడుతూనే ఉంది మైసమ్మ. ఆమె చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. ఆమె ఇంట్లో బర్రె ఈనినప్పుడల్లా జున్ను వండి ఇంటింటికీ పంచేది. జున్ను చల్లారగానే గిన్నె అంచు వెంబడి కత్తి తిప్పి వదులు చేయాలి, అప్పుడే ముక్క విరగకుండా వస్తుంది. ఏళ్ల తరబడి చేసిన చెయ్యి అది. ఆ చేతికి ఇది జున్ను కాదని ఎవరు చెప్పాలి? సూది మొదటి గిన్నె అంచు వెంబడి గుండ్రంగా తిరిగింది. గులాబీ బిళ్ల అంచు నుంచి ఊడి నీళ్లలో మెల్లగా ఊగింది. రెండో గిన్నె మూత తీయబోతుండగా వార్డు గంట మోగింది. మైసమ్మ రెండింటినీ వెచ్చటి పెట్టెలోకి తోసి పరిగెత్తింది. ఏం చేసిందో ఆమెకే తెలియదు.

మళ్లీ దిల్షాద్ వచ్చేసరికి వెనక గదిలోంచి డాక్టర్ గొంతు వినిపిస్తోంది. ఆయన కోపం వచ్చినా గట్టిగా అరవడు. అందుకే భయం.

"మైసమ్మా, సూది ఎవరు తిప్పిన్రు?"

"నేనే కావొచ్చు సారూ. చెయ్యి తిరిగింది. నేను తిప్పలే."

దిల్షాద్ తొంగి చూసింది. ఒక గిన్నెలో గులాబీ బిళ్ల అంచు నుంచి అంచు దాకా పలచగా పరుచుకుని ఉంది. సూది తిరిగిన గిన్నెలో నీళ్ల నడుమ చొక్కా గుండీ అంత తెల్లటి ముద్ద తేలుతోంది.

"గదేంది సాబ్? ఎండిపోయిందా?"

"లే. ముడుసుకున్నది." ఆయన కోపం దింపుకుని, స్టూలు జరిపాడు. "పుస్తకాలల్ల రాసే ఉన్నది గిది. ఊడగొడితే గిట్లనే అయితది. నాకు ఊడగొట్టనివి కావాలె, మైసమ్మ ఒకటి ఖరాబు చేసింది. అయిందేదో అయింది. రా, నిన్ను నువ్వు చూసుకో."

కరెంటు లేదు. మైసమ్మ తప్పు దిద్దుకోవడానికన్నట్టు కిటికీ దగ్గర అద్దం పట్టుకుని నిలబడి, ఎండను మైక్రోస్కోపు కిందికి మళ్లించింది. దిల్షాద్ ఎడమ కన్ను మూసి, కుడి కన్ను ఆనించింది.

మొదట ఏమీ లేదు, తెల్లారుజామున చెరువు మీద లేచే మంచులాంటిది తప్ప. ఆ మంచులో మెల్లగా దారాలు కనిపించాయి, లెక్కలేనన్ని, ఒకదాని మీద ఒకటి. దారాల మధ్య పొడుగ్గా, సన్నగా, రెండు కొసలూ చేతుల్లా చాపిన ప్రాణాలు. ఒక్కొక్కటీ ఒక దారాన్ని పట్టుకుని ఉంది. అన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి, గాలికి ఒరిగిన పచ్చజొన్న చేనులా. చుట్టూ గులాబీ వెలుగు. చప్పుడు లేదు. దిల్షాద్‌కు తన ఒళ్లు తేలికైపోయినట్టు, తనే ఆ వెచ్చటి నీళ్లలో ఒక దారం కొస పట్టుకుని పడుకున్నట్టు అనిపించింది. పైన ఆకాశం ఉందో లేదో తెలియదు. చేతిలో దారం ఉంది, అంతే.

"కదుల్తలేవు సాబ్."

"కదుల్తయి. గడియారంల చిన్నముల్లు లెక్క. గవి దారాన్ని గుంజుతున్నయి. దారం కొస గిన్నె అంచును పట్టుకొని ఉన్నది గదా, ఎంత గుంజినా రాదు. రాకపోయేసరికి గవే సాగి, దారం ఎటు బిగిస్తే అటు పండుకున్నయి. ఇగ గిది చూడు."

గిన్నె మార్చాడు. ఈసారి మంచు లేదు. చీకటి చిక్కగా ముద్దకట్టింది. ప్రాణాలు పొడుగ్గా లేవు. జాతరలో తప్పిపోయిన పిల్లలు ఒకచోట నక్కినట్టు, కుదించుకుని, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

"పట్టుకునేటందుకు అంచు లేదు. అన్నీ కలిసి దారాలన్నిటిని నడుమకు గుంజుకున్నయి."

"గంత గుంజుడెందుకు? ఎవరు చెప్పిన్రు వాటికి?"

"గాయం మూయాలనేదే వాటి ఆరాటం. మూసుడు అయిపోయిందని వాటికెట్ల తెలుస్తది? కండ్లు లేవు, చెవులు లేవు. దారం బిగిసిందా, వదులైందా, పట్టుకొని చూసుకుంటయి. వాటికి తెలిసిన లోకం గదే."

దిల్షాద్ కన్ను తీసి, కొంగు, చెక్క పట్టీలు విప్పి, తన చెయ్యి బల్ల మీద పెట్టింది. కొక్కెంలా వంగిన వేళ్లను ఆయన ముందు దాచడం అదే మొదటిసారి మానింది.

"మరి నా చేతుల అంచు ఏది సాబ్?"

"చెక్క."

కిటికీ బయట కాకి అరుస్తోంది. మైసమ్మ చేతిలో అద్దం కొద్దిగా కదిలి, వెలుగు గది అంతా ఒక చుట్టు తిరిగింది.

"ఇప్పేసిన సాబ్. బజార్ల ఇప్పేసి కూసుంటున్న," అని జొన్నల సంగతి మొత్తం చెప్పింది. ముసలామె మొహం, సంచి, ఆ గుప్పెడు గింజలు గుచ్చుకున్న తీరు. ఆయన నవ్వుతాడనుకుంది.

ఆయన నవ్వలేదు. "మా అవ్వ కల్లం కాడ కొంగు పట్టేది," అన్నాడు. "కూలి గింజలు పోసేటోడు గూడ ఆమె అడుక్కుంటున్నట్టే చూసేటోడు. ఆమె మాత్రం పొద్దంత కోసిన చేనును చూసుకుంట పట్టేది. చూసేటోని కండ్లు మనం తెరిపియ్యలేం. నీ చెయ్యి నువ్వు తెరుసుకుంటవా, మూసుకుంటవా, గది జెప్పు."

"వేళ్లు మల్ల వస్తయా?"

"కొన్ని వస్తయి. నొస్తది. అన్నీ వస్తయని జెప్పను."

ఆ రోజు ఆయన ముడుచుకున్న వేళ్లను కొంచెం కొంచెంగా లాగి కొత్త చెక్కకు కట్టాడు. ఆమె కేక మహబూబ్‌నగర్ దాకా వినిపించింది, దవాఖాన పక్క చర్చి గోపురం మీది పావురాలు మళ్లీ తిరిగి రాలేదు అంటారు. పావురాలు వచ్చాయి. కేక మాత్రం వార్డంతా విన్నారు.

పోయేముందు దిల్షాద్ గుమ్మంలో ఆగింది.

"సాబ్, గా ముద్దను ఏం జేస్తరు?"

"మందుల వేసి చంపి పారేస్తం. ఇగ అది పనికిరాదు."

"పారేయకున్రి. నాకియ్యిన్రి. నా ఒంటి ముక్కనే గదా. మా మతంల ఒంట్ల నుంచి ఏది తీసినా మట్టిల వెట్టాలె. గోరైనా, ఎంటికైనా."

డాక్టర్ దాన్ని ఘాటు మందులో ముంచి తీసి, చిన్న గుడ్డలో చుట్టి ఇచ్చాడు. దవాఖాన గోడ పక్కన దానిమ్మ చెట్టు కింద దిల్షాద్ ఎడమ చేత్తో మట్టి తవ్వింది. మైసమ్మ పక్కన నిలబడి చూస్తోంది, ఊరుకోలేక ఊరుకోలేక అడిగేసింది.

"బీబమ్మా, అండ్ల సగమే నువ్వు. సగం ఎలుక. ఎలుకను గూడ మట్టి చేస్తవా?"

దిల్షాద్ తలెత్తలేదు. "గది నన్ను పట్టుకున్నది అక్కా. దాన్ని బయట ఎట్ల ఇడిసిపెడ్త?"

మైసమ్మ వంగి, తనూ ఒక గుప్పెడు మట్టి వేసింది.

మర్నాటి నుంచి కల్వకుర్తి బజారుకు పని దొరికింది. దిల్షాద్ కొట్టు గుమ్మంలో, అందరికీ కనబడేటట్టు, చెక్కకు కట్టిన చెయ్యి చాపుకుని కూర్చుంది. మొదటి రోజు ముఖం ఎత్తలేదు. పోయేవాళ్లు ఆగి చూస్తే చెవులు ఎర్రబడేవి. అయినా పట్టీ జోలికి పోలేదు. లియాఖత్ అలీ పగలగొట్టిన గాజులను ఏరుకుంటూ, ఏం తోచిందో ఏమో, మిగిలిన నాలుగు గాజులు తెచ్చి చాపిన ఆ వేళ్లకు ఒక్కొక్కటి తగిలించాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"కడ్డీ ఇరిగింది. జర పట్టుకో."

నాలుగు రంగుల గాజులు వేళ్లకు వేలాడుతుంటే, దారిన పోయే ఇద్దరు కోడళ్లు ఆగి, "గా మెరూన్‌ది సూపియ్యవా?" అన్నారు. అప్పటి నుంచి కొత్త సరుకు ఏదొచ్చినా ముందు ఆ వేళ్లకే ఎక్కేది. అంగడి రోజున ఒక్కొక్క వేలికి బరువెడు గాజులుండేవని, చెయ్యి కనబడక గాజులే మాట్లాడుతున్నట్టుండేదని చెబుతారు. నొప్పితో ఆమె పళ్లు బిగించేది. కొనేవాళ్లు అది నవ్వనుకునేవారు.

వానలు వచ్చాయి, పోయాయి, చలి పడింది. డాక్టర్ పగటిపూట ఇక చెక్క వద్దు, రాత్రి కట్టుకుంటే చాలన్నాడు. బొటనవేలు, నడిమి వేళ్లు తెరుచుకున్నాయి. చిటికెన వేలు మాత్రం వంగినది వంగినట్టే ఉండిపోయింది. మళ్లీ కోసి చూద్దామని డాక్టర్ అన్నాడు. దిల్షాద్ వద్దంది. "గది నేను చెక్క ఇప్పి కూసున్న దినాలది సాబ్. గంతే ఉండనియ్యిన్రి," అంది.

కొట్లో ఆమె మళ్లీ గాజులు వేస్తుందని విని, మొదట వచ్చింది మైసమ్మే. బర్రెల పని చేసి చేసి ఆ చెయ్యి కొడవలి పిడిలా ఉండేది. దిల్షాద్ ఎదుట కూర్చుని, చాలా సిగ్గుపడుతూ, చాపింది.

దిల్షాద్ తన కుడి అరచేతిని ఆ కణుపుల మీద పరిచింది. అతికించిన చర్మం నున్నగా, వేడిగా ఉంది. అదిమింది. మొదటి గాజు పుటుక్కున విరిగింది. ఇద్దరూ దాని వైపు చూశారు. దిల్షాద్ ఇంకోటి తీసింది.

"నొస్తాందా?" అంది మైసమ్మ.

"నాకా, నీకా?"

"నీకే."

"నొస్తాంది. చెయ్యి బిగియ్యకు, మెత్తగ ఇడు," అంటూ దిల్షాద్ పాత ముచ్చట ఒకటి అందుకుంది, ఎవరో పటేలు భార్య కొట్లో నిద్రపోయిందట. మైసమ్మ నోరు తెరిచి వింటోంది. వంగిన చిటికెన వేలు మణికట్టు పక్కన కొక్కెంలా ఆనింది, మిగిలిన వేళ్లు అదిమాయి, గాజు కణుపులు దాటింది.